ట్రాక్టరెక్కిన పడవ

సాయిలుకు ఒక్కచోట కూర్చోవడం చేతకాదు. పుట్టిందగ్గర్నుంచీ అంతే. అన్నం తింటూ తింటూ లేచిపోయి గంగ వైపు, అంటే ఊరి పక్క గోదావరి వైపు, ఓ చూపు చూసొస్తాడు. చుట్ట వెలిగించి గోడ మీద పెట్టి, అది మరిచిపోయి ఇంకోటి వెలిగిస్తాడు. అలాంటి మనిషికి పోయి పోయి ఇన్సూరెన్స్ పని తగులుకుంది. ఇక చెప్పేదేముంది, ఆ ఎండాకాలమంతా ఆయన కాళ్లకూ నెమ్మది లేదు, ఇంట్లో పెళ్లాం నీల చెవులకూ నెమ్మది లేదు.

సంగతేమిటంటే, అంతకు ముందటేడు దిగువన ఎక్కడో మోటారు పడవ బోల్తా పడి జనం పోయారు. దాంతో పైవాళ్లు మేలుకున్నారు. పడవకు ఇన్సూరెన్స్ లేనివాడు రేవు పాట పాడటానికి వీల్లేదని మండలాఫీసు గోడకు కాగితం అంటించారు. సాయిలు ఊరైన పాతరేవు దగ్గర జనాన్ని గోదావరి దాటించే హక్కు ఏటా వేలం పాటలో దక్కించుకోవాలి. సాయిలు తాత పాడాడు, తండ్రి పాడాడు. పాడేది ఒకరే అయినా తెడ్డు వేయడానికి బెస్తవాడలో ప్రతి ఇంటికీ వంతు ఉండేది. ఈసారి మెట్‌పల్లి కాంట్రాక్టరొకడు కొత్త మోటారు పడవ కొని, కాగితం చేతబట్టుకుని కూర్చున్నాడు. వాడికి తెడ్డువాళ్లతో పనేముంది? పాట వాడికి పోతే సాయిలు సిరిసిల్లలో తోడల్లుడి పక్కన మరమగ్గం ముందు నిలబడాలి. ఇంతకాలం గంగ మీది గాలి పీల్చినవాడు ఆ రేకుల షెడ్డులో బతుకుతాడా? బతకడు.

పడవ లేక కాదు. తండ్రి పడవ ఉంది. ఓ వరదలో ఇసుక మేటలో కూరుకుపోయి ఏళ్లపాటు అలాగే పడి ఉంటే, సాయిలే తవ్వి తీశాడు. కోరుట్ల నుంచి జాఫర్ అనే వడ్రంగిని పిలిపించాడు. దర్వాజలు, బండి చక్రాలు చేసుకునే జాఫర్ మొదట నవ్వాడు గానీ, పని మొదలుపెట్టాక పడవను వదిలిపెట్టలేదు. అడుగు దూలం ఒక్కటి ఉంచి పుచ్చిన పలకలన్నీ మార్చాడు. సిరిసిల్ల మగ్గాల దగ్గర పారేసే నూలు చిక్కు బస్తాల కొద్దీ తెప్పించి, గుగ్గిలం, ఆముదం పట్టించి పలకల సందుల్లో దట్టించాడు. నీళ్లలోకి దించిన రోజు పడవ చుక్క నీరు పీల్చలేదు. జాఫర్ ఒడ్డున నిలబడి కన్నకూతుర్ని అత్తారింటికి పంపినట్టు ఏడ్చేశాడు.

పడవ సిద్ధమే. దానికి ఇన్సూరెన్స్ చేసేవాడే దొరకలేదు. కోరుట్లలో ఏజెంటు, "బర్రెలకైతే చెవుకు బిళ్ల కొడ్త. పడవకు ఏడ గొట్టాలె?" అన్నాడు. సిరిసిల్లలో ఏజెంటు మగ్గాలకూ దుకాణాలకూ చేస్తాడు, గంగ పేరు వినగానే చేతులెత్తేశాడు. చివరికి జగిత్యాల ఆఫీసులో ఒక సారు కుర్చీ చూపించి కూర్చోమన్నాడు. సాయిలు కూర్చోలేదనుకోండి, అది వేరే సంగతి.

"పడవ వయసెంత?" అన్నాడు సారు.

"మా నాయిన పెండ్లినాటిది సారూ. కని పలకలన్ని కొత్తయి."

"అంత పాతదాన్ని కళ్లతో చూడకుండా చేయనయ్యా."

"రాండ్రి సారూ, గిప్పుడే పోదాం. మా ఇంట్ల చాపల కూర తిని అద్దురు."

సారు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "మీ గంగ ఒడ్డుకా? పోయినసారి మావాడొకడు జీపులో వెళ్తే, అన్నలు దింపి జీపు తగలబెట్టారు. పిల్లలుగలవాణ్ని. నన్నొదిలెయ్."

ఆయన భయం ఉత్తది కాదు. ఆ రోజులే అలాంటివి. పగలు పోలీసులు వచ్చి దాటించమంటే దాటించాలి. పొద్దుగూకాక అడవిలోంచి తుపాకులతో అన్నలు వచ్చి అడిగితే వాళ్లనూ దాటించాలి. ఇద్దరికీ ఎవర్నీ చూడలేదనే చెప్పాలి. అయినా సాయిలు ఆ గదిలోంచి బయటికి పోకుండా అటూ ఇటూ తిరిగాడు.

"మీరు రాకపోతిరి. పడవనే మీ కాడికి తెస్త. చూస్తరా?"

సారు వేళాకోళమనుకున్నాడు. "తీసుకురా, చూస్తా" అన్నాడు నవ్వుతూ. ఆ నవ్వును సాయిలు మాట కింద జమ కట్టుకున్నాడు.

ఊళ్లో ముత్యం అనేవాడి ట్రాక్టరు పసుపు బస్తాలు తోలి ఖాళీగా ఉంది. దాన్ని మాట్లాడాడు. బెస్తవాడంతా కలిసి పడవను ఒడ్డుకు లాగారు. ఇక్కడే సాయిలు ఒక పిచ్చి పని చేశాడు. పడవ నడిపేవాళ్లెవరూ అడుగున నీళ్లు పూర్తిగా తోడెయ్యరు. కాస్త ఉండనిస్తారు, కట్టె తడిగా ఉంటుందని. సాయిలు మాత్రం చుక్క మిగలకుండా తోడి, పాతచీరతో తుడిచి, ఎండలో బోర్లించాడు. పైగా అంచుకు ఎర్రరంగు పూశాడు.

"అడుగున జర నీళ్లు ఉండనియ్యరాదయ్యా" అంది నీల.

"సారు జూస్తే పడవ కారుతున్నదనుకుంటడే. నీకేమెరుక?"

"నాకేం ఎరుకలే. గంగ ఒడ్డున పుట్టలే, బెస్తోళ్ల బిడ్డనే గాదు" అని ఆమె మూతి తిప్పుకుని పోయింది.

రెండు పొద్దులు అలా ఎండబెట్టి, మూడోనాడు పొద్దున్నే ట్రాక్టరు కదిలింది. పడవ ముక్కు ముత్యం నెత్తి మీదుగా ముందుకు పొడుచుకొచ్చింది. దారి పొడుగునా జనం పనులు మానేసి చూశారు. "గంగ ఎటు పోయిందిరా, ట్రాక్టరెక్కినవ్?" అని అడిగారు. సాయిలు కూర్చోలేక పడవలోనే నిలబడి వచ్చాడు.

రోడ్డు మీద పోలీసులు ఆపారు. పాతరేవు నుంచి జగిత్యాల పోయే బస్సునూ అక్కడే ఆపి అందర్నీ దింపి ఉంచారు. ఎస్సై పడవ చుట్టూ తిరిగాడు. పడవ ఎవరికోసం తీసుకెళ్తున్నావని గద్దించాడు. సాయిలు ఇన్సూరెన్స్ సంగతంతా చెప్పాడు. ఎస్సై పగలబడి నవ్వాడు.

"మాకే దిక్కులేదు, నీ పడవకు ఇన్సూరెన్సారా? పో, పో" అని సాయిలు వీపు చరిచి పంపాడు. బస్సు దిగిన ఊరివాళ్లంతా అది చూశారు.

జగిత్యాలలో ఆఫీసు ముందు జాఫర్ ఎదురుచూస్తున్నాడు, తెల్ల లాల్చీ వేసుకుని, కోరుట్ల బస్సులో వచ్చి. ట్రాక్టరు ఆగగానే పడవ మీద చెయ్యేశాడు. వేసిన చెయ్యి అక్కడే ఆగిపోయింది. పలకల మధ్య వేలు దూరేంత సందులు. సిరిసిల్ల నూలు కుచ్చులు కుచ్చులుగా బయటికి వేలాడుతోంది.

"అరే సాయిలన్నా, నీళ్లు తీసేసినవా? గీ ఎండల?"

జాఫర్ నెత్తి కొట్టుకున్నాడు. "దుష్మన్ గూడ గిట్ల జెయ్యడు. నీళ్లు పోయి. ఎన్ని దొరికితె గన్ని పోయి. కట్టె తాగాలె."

నీళ్లు! మే నెలలో, జగిత్యాలలో! వీధి నల్లా దగ్గర బిందెలు బారులు తీరి ఉన్నాయి. సాయిలు రెండు బకెట్లు సంపాదించి వరసలో దూరబోతే, ముందున్న ఇంద్రమ్మ అనే ఆమె బిందె అడ్డం పెట్టింది. "మాకు తాగ నీళ్లు లెవ్వు, నీ పడవకు తానం జేపిస్తవా?" అంది. సాయిలు దండం పెట్టి చెప్పుకున్నాడు. పాట ఎల్లుండే అని, కాగితం లేకుంటే రేవు పోతుందని, తప్పు తనదేనని. ఆమె తిట్టుకుంటూనే ఒక బిందె వంచింది. తర్వాత వెనకవాళ్లూ తలా ఒకటి వంచారు.

పోసిన నీళ్లు పోసినట్టే కిందికి కారిపోయాయి. ట్రాక్టరు కింద వీధంతా మడుగైంది. సారు అరుగు మీదికొచ్చి చూసి, నిజంగానే తెచ్చినందుకు నోరు తెరిచి, కారుతున్నది చూసి మూసుకున్నాడు.

"ఇది పడవా, జల్లెడా?"

"సారూ, జర పొద్దు వాలేదాక ఉండున్రి" అన్నాడు జాఫర్. "కట్టె పొంగి సందులు మూస్కుంటయ్. నేను జిమ్మ, నాది పూచి."

"ఆఫీసు మూసేదాకా చూస్తా. ఆ తర్వాత నన్ను అడగొద్దు."

ఆ మధ్యాహ్నం సాయిలు పడ్డ తిప్పలు పగవాడికి కూడా వద్దు. నల్లాకీ పడవకీ మధ్య తిరిగి తిరిగి అరికాళ్లు కాలాయి. జాఫర్ పడవ కింద వెల్లకిలా పడుకుని, ఊడిన నూలును ఉలి మొద్దుతో లోపలికి నెడుతూనే ఉన్నాడు. అతని తెల్ల లాల్చీ బురద రంగుకు తిరిగింది. ధారలు సన్నబడి చుక్కలయ్యాయి. చుక్కలు కూడా ఎడం ఎడంగా పడసాగాయి. ప్యూను తాళం చెవులు చేతిలోకి తీసుకునే వేళకు పడవలో జానెడు నీళ్లు నిలిచి, మీద వీధి దీపం స్తంభం నీడ కనిపించింది.

సారు వంగి పడవ కింద చెయ్యి పెట్టి చూసుకున్నాడు. చెయ్యి పొడిగానే ఉంది. "బయటి నీళ్లు లోపలికి రాకుండా ఆపే పడవల్ని చూశాను. లోపలి నీళ్లు బయటికి పోనివ్వనిదాన్ని ఇప్పుడే చూస్తున్నా" అన్నాడు. మూసిన ఆఫీసు మళ్లీ తెరిపించి సంతకం చేశాడు. నీటిలో మునిగితేనే డబ్బు వస్తుందనీ, ఎవరైనా కావాలని పగలగొడితే రాదనీ రెండుసార్లు చెప్పాడు. సాయిలు తలూపాడు. ఆ సంతోషంలో అతనికి సగం వినబడలేదు.

పడవలో తడి గోనెసంచులు పరిచి ఇంటిదారి పట్టారు. జాఫర్ కూడా వస్తానన్నాడు, నీళ్లలో దించేదాకా నమ్మకం లేదని. ట్రాక్టరు మీద సాయిలు పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి కుదురుగా కూర్చున్నాడు. పాట తనదే. వాడంతా తెడ్లు పడుతుంది. సిరిసిల్ల షెడ్డు గోల ఇక లేదు.

దీపాలు పెట్టే వేళకు పాతరేవు చేరారు. ఎదురు రావలసిన జనం ఎదురు రాలేదు. అందరూ ఒడ్డునే ఉన్నారు. నీల పరుగున వచ్చి ట్రాక్టరు పట్టుకుంది.

"రాత్రి అన్నలు గంగ దాటిండ్రట. పొద్దుగాల నువ్వు పోంగనే పోలీసోళ్లు అచ్చి పడవలన్నిటికి అడుగున గొడ్డండ్లతోని బొక్కలు గొట్టిండ్రు. ఒక్కటి గూడ ఉంచలే."

ఒడ్డు పొడుగునా చేపల పడవలు బోర్లా పడి ఉన్నాయి, ఒక్కోదానికీ ఒక్కో కన్నం. వాటి పక్కన నిలబడ్డవాళ్లు సాయిలు పడవను చూశారు. కొత్త ఎర్రరంగు అంచు, చెక్కు చెదరని పలకలు.

బాలయ్య దగ్గరకు వచ్చాడు. నీల తండ్రి, వాడకు పెద్ద.

"అల్లుడా, నీకెట్ల తెలిసింది?"

"ఏంది మామా, తెలిసేది?"

"గీ పొద్దే పడవ తీస్కపోవాల్నని. పోలీసాయన నీ వీపు చరిచి పంపిండట. బస్సుల పోయి అచ్చినోళ్లు జెప్పిండ్రు."

సాయిలు ఇన్సూరెన్స్ కోసం పోయానన్నాడు, కాగితం తీసి చూపించాడు. దాని మీద పడవలు పగిలిన ఆ రోజు తారీఖే ఉంది. చూపించాక గానీ తెలియలేదు, అది మాటను ఇంకా చెడగొట్టిందని.

"మేం నమ్ముతం" అన్నాడు బాలయ్య మెల్లగా. "నువ్వు గసొంటోనివి గాదు. కని నిన్న దాటినోళ్లు మల్ల అస్తరు. గంగ మీద నీదొక్కటే పడవ ఉంటది. గప్పుడు ఆళ్లకు ఏం జెప్తవ్?"

పోలీసుల ఇన్‌ఫార్మర్ అనే మాట ఆయన పలకలేదు. పలకనక్కర్లేదు. పక్క ఊళ్లో ఆ మాట పడ్డ మనిషి ఏమయ్యాడో అందరికీ తెలుసు. నీల మొగుడి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

సాయిలు పడవను చూశాడు. ఎల్లుండి పాటను తలుచుకున్నాడు. తండ్రిని తలుచుకున్నాడు. ఏడుపొచ్చింది, ఆపుకోలేదు. అందరి ముందూ చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. తర్వాత ముక్కు చీది, నీల వైపు చూడకుండా అన్నాడు.

"గొడ్డలి తే."

వాడవాళ్లే పడవను దింపి పక్కకు వంచి పట్టుకున్నారు. సాయిలు గొడ్డలి ఎత్తాడు. దించాడు, మళ్లీ ఎత్తాడు. జాఫర్ ఆ బురద లాల్చీతోనే ముందుకొచ్చి, మోకాళ్ల మీద కూర్చుని, పడవ అడుగును అరచేత్తో తడుముతూ పోయాడు. దూలం దగ్గర ఆగలేదు. దాటి పక్కకు వచ్చి ఒకచోట చెయ్యి ఉంచాడు.

"గీడ గొట్టన్నా" అన్నాడు. "గీ పలకొక్కటే పోతది. నేను మల్ల ఏస్త."

అతను చెయ్యి తీశాక సాయిలు అక్కడే కొట్టాడు.