మూడో ఆకు ముందు దీపం

నేను ఒక తాటాకుల పుస్తకాన్ని. దయచేసి దండం పెట్టకండి. పెట్టించుకుని పెట్టించుకుని విసుగెత్తిపోయాను.

నాలో దేవుడెవడూ లేడు. నేను పశువుల వైద్యాన్ని. గిట్టలు పుండైన ఆవుకు ఏం రాయాలి, పాలు ఎగ్గొట్టే గేదెకు ఏం పెట్టాలి, ఇదీ నా సంగతి. రాజుల కాలంలో కృష్ణ ఒడ్డున ప్రోలన అనే లేఖకుడు నన్ను రాశాడు. తాటాకుల్ని పసుపునీళ్ళలో ఉడికించి, నీడన ఆరబెట్టి, గంటంతో అక్షరాలు గీకాడు. గీకిన అక్షరం కంటికి ఆనదు. దీపపు మసి ఆకుపసరులో కలిపి రుద్ది తుడిస్తే అప్పుడు నల్లగా తేలుతుంది. అతని వేళ్ళు కాయలు కాశాయి, నడుం వంగిపోయింది. పాపం, చదువుతారనుకున్నాడు.

ఒకేసారి రెండు ప్రతులు రాశాడు. ఒకటి, విషయమంతా చెప్పి రాయించిన పశువైద్యుడికి. రెండోది, అంటే నేను, మాచమనేడు అనే మోతుబరికి. ఆయనకు అక్షరం ముక్క రాదు. పొరుగు మోతుబరి ఇంట్లో పుస్తకం ఉంది కాబట్టి తన ఇంట్లోనూ ఉండాలి, అంతే.

ఆయన మనవడు ఇంకా ఘనుడు. చుట్టాలు నన్ను చదివి వినిపించమన్నారు. రాదని ఒప్పుకుంటే పరువు పోతుంది కదా! "దీన్ని విప్పితే కళ్ళు పోతాయి" అన్నాడు. ఒక్క పూట సిగ్గు దాచుకోవడానికి ఆడిన అబద్ధం ఆ ఇంటికి ఆచారమై కూర్చుంది. నన్ను ఎర్రగుడ్డలో మూటగట్టి దేవుడి గూట్లో పెట్టారు. పసుపు, కుంకుమ, సాంబ్రాణి. ఆ పొగకు పురుగు దరిచేరలేదు, నా ఆయుష్షు పెరిగింది. వైద్యుడి ఇంట ఉన్న నా తోడబుట్టిన దాన్ని మాత్రం వచ్చిన ప్రతి రైతు కోసం విప్పారు. అరిగి, చిరిగి, చివరికి గొడ్లకొట్టంలోనే పొడైపోయిందట. ఆ కబురు విని మావాళ్ళు, "చూశారా, విప్పితే ఏమవుతుందో!" అన్నారు.

తరాలు గడిచి నేను వీరరాఘవులు ఇంట తేలాను. తెల్లదొరలు ఇంకా ఉన్న రోజులు. మోతుబరితనం ఏనాడో కరిగిపోయింది. అతనికి మిగిలింది కాస్త కౌలు పొలం, ఒక జత ఎడ్లు. దుక్కి వేళ అందులో పుల్లెద్దు వానకు తడిసిన పచ్చిమేత మేసి, కడుపు డోలులా ఉబ్బి కూలబడింది. పశువుల డాక్టరు ఏటి అవతల ఉంటాడు. ఏరు పొంగి పడవ లేదు. ఎద్దు పోతే ఆ ఏడు పొలం బీడే, ఇంటికి గింజ రాదు.

అతని భార్య రత్తమ్మ చదువుకున్నది. పరుగున వచ్చి గూటి ముందు నిలబడింది.

"అత్తా, వైద్యులింటి పుస్తకం, ఇదీ ఒకటేనంట. గొడ్ల మందులుంటాయేమో, ఒక్కసారి విప్పి చూద్దాం."

"నోర్ముయ్యవే! కళ్ళు పోగొట్టుకుంటావా? దీపం పెట్టి మొక్కుకుంటే ఆ తల్లే కాపాడుద్ది" అంది అచ్చమ్మ.

రత్తమ్మ మొగుడి వంక చూసింది. "అమ్మ చెప్పినట్టు చెయ్" అన్నాడు ఆ మహానుభావుడు. నా తాడు దాకా వచ్చిన చెయ్యి వెనక్కి వెళ్ళిపోయింది.

దీపం ఆరకుండా వెలగాలని అచ్చమ్మ ఇంట్లో ఉన్న నువ్వుల నూనె అంతా ప్రమిదలో పోసింది. నా మూడో ఆకు మీద ఏముందో చెప్పనా? కడుపు ఉబ్బిన ఎద్దుకు నువ్వుల నూనెలో శొంఠి, ఇంగువ కలిపి ఆలస్యం చేయకుండా గొంతులో పోయమని ఉంది. శొంఠి, ఇంగువ వంటింట్లోనే ఉన్నాయి. నూనె నా కళ్ళెదుట కాలిపోతోంది. నాకు నోరే ఉంటే ఊరు లేచేలా తిట్టేదాన్ని.

దీపం కొండెక్కక ముందే ఎద్దు పోయింది. మన భక్తి చాల్లేదని అచ్చమ్మ మర్నాడు నాకు కొబ్బరికాయ కొట్టింది. రత్తమ్మ మాత్రం మళ్ళీ ఎన్నడూ నాకు దండం పెట్టలేదు. ఆ వంశం మొత్తంలో నాకు నచ్చిన మనిషి ఆవిడొక్కతే.

ఇప్పుడు నేను మ్యూజియంలో గాజుపెట్టెలో ఉన్నాను. పండితులు వచ్చి ఫోటోలు తీసుకున్నారు. ఇన్ని వందల ఏళ్ళయినా చెక్కుచెదరలేదని తెగ మురిసిపోయారు. ఎందుకు చెదురుతాను? ఒక్కరికైనా పనికొచ్చి ఉంటే కదా!

మూడో ఆకే పైకి కనబడేలా పెట్టారు. దాని మీద పడేలా ఒక చిన్న కరెంటు దీపం కూడా వెలిగించారు. జనం వస్తారు, ఆ వెలుగులో నన్ను చూసి, దండం పెట్టి వెళ్ళిపోతారు.