హైమవతి సార్‌కు జవాబివ్వని పూట

నేను ఒక గాజు సూదిని. నా కొన వెంట్రుక మందంలో యాభయ్యో వంతు. పొద్దున ఒక సన్నని గాజు గొట్టాన్ని ఎర్రగా కాలిన తీగచుట్ట మధ్య పెట్టి సాగదీస్తే పుట్టాను. ఒక కణాన్ని తాకానా, నా పని సరి, మళ్ళీ వాడరు. చీపురును పుల్లలు రాలేదాకా వాడే మనుషులు నా విషయంలో మాత్రం మహా నిక్కచ్చి!

నన్ను చేసింది హైమవతి, పరిశోధక విద్యార్థిని. బ్యాక్టీరియా పొరలో సోడియంను లోపలికి రానిచ్చే ద్వారాలుంటాయి. ఆ ద్వారపు ఇరుకులో కాపలా కాసేవి అమైనో ఆమ్లాలు. హైమ వాటిలో విద్యుదావేశం లేనివాటిని తప్పించి, ఋణావేశం ఉన్నవాటిని నిలబెట్టి, ఆ ద్వారాన్ని వేరే పెద్ద కణాల పొరలో అమర్చింది. దాంతో ద్వారం సోడియంను కాదని, రెండింతల ధనావేశం ఉన్న కాల్షియంను పిలుస్తోందని ఆమె వాదన. మూడేళ్ళ కష్టం అది.

గైడు కోదండపాణి గారు నమ్మలేదు.

"అది ద్వారం కాదమ్మా, గోడకు చిల్లు, ఏదైనా దూరిపోతుంది. సోడియం తీసేసి కాల్షియం ఒక్కటే పెట్టు, కరెంటు రావాలి. అదీ తీసెయ్, ఆగిపోవాలి. ఇవాళ చూపించలేకపోతే థీసిస్‌లోంచి ఆ అధ్యాయం ఎత్తేద్దాం."

కణం పొరలోంచి పారే కరెంటును యంత్రానికి అందించడం నా పని. నా వెనక ఒక రబ్బరు గొట్టం, దాని చివర హైమ నోట్లో. నన్ను దించేటప్పుడు మురికి అంటకుండా సన్నగా ఊదాలి, కణం తగలగానే మెల్లగా పీల్చాలి. అంత పెద్ద యంత్రం పక్కన పెట్టుకుని వీళ్ళు చేసేది కొబ్బరిబోండాం తాగే విద్యే!

ఆ పొద్దున నాకంటే ముందు అయిదు సూదులు మర్యాదకు బలైపోయాయి. సార్ "ఎంతవరకు వచ్చిందమ్మా?" అంటారు. హైమ "వస్తోంది సార్" అంటుంది. నోరు తెరవగానే గాలి ఆగి, కొనకు మురికి పడుతుంది. పెద్దాయన అడిగితే పలక్కుండా ఎలా ఉంటుంది పాపం!

నా వంతు వచ్చింది. దిగుతున్నాను.

"ఎంతవరకు వచ్చిందమ్మా?"

హైమ పలకలేదు.

"హైమా, నిన్నే!"

ఆమె చెవులు ఎర్రబడ్డాయి. గొట్టం మాత్రం వదల్లేదు. కణం తగిలింది, పీల్చింది. నేనూ కణమూ గట్టిగా అతుక్కుపోయాం. ఇంకోసారి పీల్చేసరికి నా కొన కింద పొర తెరుచుకుంది.

సోడియం కడిగేసి కాల్షియం పెట్టింది. కరెంటు కణంలోకి పారి, తెరమీద గీత లోతుగా దిగింది. కాల్షియం తీసేసింది. గీత చదునైపోయింది. మళ్ళీ పెడితే మళ్ళీ దిగింది. నాకు ఒళ్ళంతా గర్వం!

అప్పుడు హైమ గొట్టం నోట్లోంచి తీసింది.

"ఇప్పుడు అడగండి సార్."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఇంకేం అడుగుతానమ్మా! ఆ అధ్యాయం ముందు పెట్టు."

ఇప్పుడు నేను పగిలిన గాజుల డబ్బాలో ఉన్నాను. కింద ఆ అయిదు సూదులూ ఉన్నాయి. పైనుంచి హైమ గొంతు వినిపిస్తోంది. పొద్దుటి మౌనానికి వడ్డీతో సహా, సార్‌ను మాట్లాడనివ్వడం లేదు.