పసుపుపచ్చ చుక్కలు

"నీ చేతులు ఊరికే తిరుగుతాయి. నీతో వచ్చిన చిక్కే అది" అన్నాడు భర్త, మార్కుల కాగితం మీంచి తలెత్తకుండా. అప్పటికి ఆమె అతని పళ్లెం తీసి, అతని మోచేయి ఎత్తించి బల్ల తుడిచి, అతని చొక్కాకి ఊడిన గుండీ కుడుతోంది. నిజమే మరి, ఊరికే తిరుగుతున్నాయి!

ఇద్దరూ ఒకే ఆసుపత్రిలో ఆపరేషన్లు నేర్చుకుంటున్న డాక్టర్లు. ఒకే ఏడు చేరారు, ఒకే పుస్తకం మీద పడి చదివారు. పెద్ద డాక్టరుగారి దగ్గర పైచదువుకి ఈసారి ఉన్నది ఒక్కటే సీటు. మనుషులైతే మొహం చూసి మార్కులు వేస్తున్నారని గొడవ జరిగి, ఈ ఏడు కెమెరా పెట్టారు. గ్లవుజులకి రంగు చుక్కలు అంటిస్తారు. తెగిన రబ్బరు పేగుని కుడుతుంటే కెమెరా ఆ చుక్కల వెంటపడి, చెయ్యి ఎంత దూరం తిరిగిందో, ఎన్నిసార్లు కదిలిందో, ఎంతసేపు పట్టిందో చెబుతుంది. తక్కువ కదిలిన చెయ్యే గొప్ప చెయ్యి. కెమెరాకి ఆడా మగా తెలియదు కదా అని ఆమె ఎంత సంబరపడిందో! వెర్రిది.

మొదటి విడతలో అతనికి తొంభై ఒకటి, ఆమెకి అరవై నాలుగు. రెండో విడత ఈరోజే.

"మావాడి చేతిలోనే ఏదో ఉందమ్మా. అయినా నీకేం తక్కువ, ఇల్లంతా నీ చేతి మీదే కదా నడుస్తోంది" అంది అత్తగారు. అది ఓదార్పట. ఆమెకి ఒళ్లు మండిపోయింది.

ఆసుపత్రికి వెళ్లగానే ఆమె నేరుగా వీడియో గదికి వెళ్లింది. అరవై నాలుగు ఎందుకొచ్చిందో చూడకపోతే మనసు కుదుటపడేలా లేదు. అక్కడ పనిచేసే అమ్మాయి మొదట భర్త వీడియో పెట్టింది. తెర మీద కుట్టే చేతులవి రెండు ఎర్ర గీతలు, ఎంత పొందికగా ఉన్నాయో.

"ఇది అందరికీ చూపించేది మేడమ్. అసలుది చూస్తారా?"

ఈసారి ఎర్ర గీతల చుట్టూ పసుపుపచ్చ గీతలు కూడా వచ్చాయి. అవి ఎదురుగా తోడు నిలబడ్డ డాక్టరు చేతులవి. అంటే ఆమెవి. అతని సూది కదలకముందే ఆమె చెయ్యి వెళ్లి పేగు అంచు ఎత్తి పట్టుకుంటోంది. అతను లాగకముందే దారం బిగిస్తోంది. ఎర్ర చెయ్యి తాపీగా వచ్చి, గుచ్చి, పెళ్లికొచ్చిన పెద్దమనిషిలా వెళ్లిపోతోంది. ప్రతి కుట్టుకీ అదే వరస.

"మరి వీటిని ఎందుకు తీసేశారు?"

"తోడు చేతులు లెక్కలోకి రావు మేడమ్. చెత్త కింద తుడిచెయ్యమన్నారు" అంది ఆ అమ్మాయి నొచ్చుకుంటూ. తర్వాత, ఆమె కుట్టినప్పటి వీడియో పెట్టింది. అందులో తోడున్నది భర్త. పసుపుపచ్చ చుక్కలు బల్ల అంచున హాయిగా కూర్చున్నాయి. అంచు ఎత్తేదీ, దారం బిగించేదీ, కుట్టేదీ అన్నీ ఎర్ర చేతులే. తిరగక ఏం చేస్తాయి?

ఆమెకి కోపం మొదట అతని మీద రాలేదు, తన మీదే వచ్చింది. ఆరేళ్ల కాపురంలో అతను "పట్టుకో" అన్నది ఒక్కసారీ గుర్తులేదు. స్నానాల గదిలోంచి చెయ్యి చాపితే తువ్వాలు ఉంటుంది, ఆకలేసే వేళకి అన్నం ఉంటుంది, సూది గుచ్చే చోట అంచు ఉంటుంది. లోకం తీరే అంత అనుకున్నాడు. అనుకోనిచ్చింది ఎవరు? అడగాల్సిన అవసరమే రాకుండా చూసుకోవడాన్ని ప్రేమ అనుకుని మురిసిపోయింది ఎవరు?

పెద్ద డాక్టరుగారికి చెబితే ఆయన నవ్వేశాడు. "మొగుడూ పెళ్లాల మధ్య లెక్కలేంటమ్మా! అతనికొస్తే నీకొచ్చినట్టు కాదూ?"

"తోడున్న డాక్టరు పనేంటి సార్, రూలు ప్రకారం?"

"కుట్టే డాక్టరు చెప్పింది చెయ్యడం. అంతే."

"థాంక్స్ సార్" అని బయటికొచ్చి, తన పరీక్షకి తోడుగా ఉన్న భర్త పేరు కొట్టేయించి ఆపరేషన్ థియేటర్ నర్సు పేరు రాయించింది.

మధ్యాహ్నం పరీక్షలో మొదట అతని వంతు. ఆమె పసుపుపచ్చ చుక్కల గ్లవుజులు తొడుక్కుని, ఎప్పటిలాగే అతని ఎదురుగా నిలబడింది. కెమెరా తిరగడం మొదలైంది. అతను సూది అందుకుని గుచ్చబోయాడు. అక్కడ అంచు లేదు. పేగు చేప పిల్లలా జారిపోయింది. మళ్లీ గుచ్చాడు, మళ్లీ జారింది. ఎర్ర చెయ్యి అటు తిరిగింది, ఇటు తిరిగింది.

"నిద్రపోతున్నావా? పట్టుకో!"

"అలాగే" అంది ఆమె, ఎంతో వినయంగా. "ఎక్కడ?"

అతను సూదితో అటు చూపించాడు, మళ్లీ ఇటు చూపించాడు. కెమెరా నడుస్తూనే ఉంది. ఎక్కడ పట్టుకోవాలో అతనికి తెలియదు.