నిలువు ముక్క

పొద్దున్నే షట్టరెత్తడం తూటా పని, మిషన్లు తుడవడం అమ్మమ్మ పని. షట్టరు సగం దాకా బుద్ధిగా వస్తుంది, అక్కణ్ణించి మొండికేస్తుంది. తూటా దాన్ని ఒక్క తన్ను తన్నుద్ది.

"మెల్లిగానే! అది నాకంటే పెద్దది," అని అరుస్తుంది అమ్మమ్మ లోపల్నించి.

"నీకంటే మొండిది కూడా!"

ఇది రోజూ ఉండే గొడవే. ఆ తర్వాత అమ్మమ్మ పాత టూత్‌బ్రష్ తీసుకుని బటన్ల సందుల్లో మురికి గీకుతుంది, తూటా ఒక్కో మిషన్ ఆన్ చేసుకుంటూ వెళ్తుంది. గది మొత్తం కీచుకీచుమని, డుబ్‌డుబ్‌మని నిద్ర లేస్తుంది. చిరిగిన కుర్చీలకి టేపేసి ఉంటుంది. ఫ్యాను తిరుగుతుంది గానీ గాలి రాదు. అయినా ఆ సందు చివర ఆ గేముల షాపు ఎప్పుడూ ఖాళీగా ఉండదు.

తూటాకి పదహారేళ్లు. నోరు తెరిస్తే పేలుద్ది కాబట్టి ఆ పేరు. అసలు పేరు స్కూల్లో కూడా ఎవరూ పిలవరు.

ఎవరైనా కొత్తగా వస్తే అమ్మమ్మ వెంటనే కంట్రోలర్ చేతికివ్వదు. ముందు కూర్చోబెట్టి అడుగుద్ది: "పూర్తి చేస్తే ఒంట్లో ఉండిపోద్ది. రేపు నాకొద్దంటే నేను తీయలేను. బాగా ఆలోచించుకున్నావా?"

అక్కడ ఆట పూర్తి చేసినవాళ్లకి ఎంతోకొంత ఉండిపోద్ది మరి. బస్సు డ్రైవరు బాబాయ్ కుర్రాడప్పుడు పాము ఆట పూర్తి చేశాడు. ఇప్పటికీ పొద్దున వెళ్లిన దారిని సాయంత్రం దాటలేడు. అందుకే ఆయన బస్సు తిరుగు ట్రిప్పులో ఊరి చుట్టూ తిప్పి తెస్తాడు. ప్యాసింజర్లు ఒక పాట ఎక్కువ విని దిగిపోతారు, అంతే. ఇస్త్రీ అక్క పంటలు పండించే ఆట ఆడింది. ఆవిడ ఎక్కువసేపు నిలబడ్డ చోట నేల మీద వరసగా ఆకుకూర మొలుస్తుంది. బట్టలివ్వడానికి వచ్చినవాళ్లు తలో కట్ట కోసుకుపోతారు. మందుల షాపాయనది పైనుంచి ఇటుకలు రాలే ఆట. అరలో వరస ఆయన చేత్తో పూర్తయితే ఆ వరస మాయం. అందుకే చివరి డబ్బా ఎప్పుడూ భార్యతోనే పెట్టిస్తాడు. ఒకసారి పరధ్యానంలో తనే పెట్టేశాడు, దగ్గుమందు సీసాలు వరసకి వరస పోయాయి. వారం రోజులు ఊరంతా ఖళ్లుఖళ్లుమంది.

తూటాది కాపలావాళ్ల కళ్లుగప్పి తిరిగే ఆట. అది పూర్తి చేసినప్పట్నించీ ఎవరి చూపు ఎక్కడుందో దానికి కనిపిస్తుంది, టార్చిలైటు వెలుగు పడ్డట్టు. క్లాసులో టీచరు వెలుగు తన వైపు తిరిగేలోపు ఫోను బ్యాగులోకి పోద్ది. ఇంతకంటే పనికొచ్చే ఆట లేదని దాని నమ్మకం.

అంతా బానే ఉండేది, సందు మొదట్లో ఉన్న అపార్ట్‌మెంటుకి కొత్త ప్రెసిడెంటు రాకపోతే.

ఆయన వచ్చీ రాగానే సందు మాదే అన్నాడు. కాగితాలు చూపించాడు. అవి నిజమే, ఏం చేస్తాం. సందుకి అడ్డంగా గోడ కట్టిస్తానన్నాడు. షాపుకి ఇంకో దారి లేదు, వెనకంతా రైలు పట్టాల కంచె. మిగిలింది చెత్తకుప్ప పక్కనించి మురిక్కాలవ దాటి రావడమే. అలా ఎవడొస్తాడు? గోడ లేచిందంటే షాపు మూత. షాపు మూతంటే అమ్మమ్మా తూటా మూటాముల్లే సర్దుకుని వేరే ఊళ్లో మామయ్య ఇంటికి. మామయ్య అప్పటికే ఫోన్ చేసి, "ఒక గది ఖాళీ చేశాం, మిషన్లు మాత్రం తేకండి," అన్నాడు.

ఆ మాట విన్నాక అమ్మమ్మ రెండు రోజులు సరిగ్గా తినలేదు. తూటా మూడో రోజు పొద్దున్నే ప్రెసిడెంటు ఇంటికెళ్లింది. ఆయన ముందుగదే ఆఫీసు.

"ఏం కావాలమ్మా?"

"మా దారి."

"చూడమ్మాయ్, నీ మీద నాకేం కక్ష లేదు. ఆ ఆటల వల్ల పిల్లలు పాడైపోతున్నారు. నన్ను చూడు. జీవితంలో ఒక్క ఆట ఆడలేదు. అందుకే ఇలా ఉన్నాను."

"ఓ, అందుకేనా! నేనింకా వయసు వల్లేమో అనుకున్నా."

లోపల్నించి నీళ్లు తెస్తున్న ఆయన భార్య నవ్వాపుకోలేక గ్లాసుల్ని ఒకదానికొకటి కొట్టించేసింది. ఆయన మొహం మాడ్చుకుని మొదలుపెట్టాడు: క్రమశిక్షణ, భవిష్యత్తు, ఏకాగ్రత. తూటా వినడం మానేసి ఆయన చూపు ఎటు పోతోందో చూసింది.

ఆ వెలుగు తూటా మీద లేదు. వెనక అల్మారా మీద ఉంది. షీల్డులూ కప్పులూ వరసలుగా పెట్టున్నాయి. ప్రతి వరసలోనూ ఒక చోటు ఖాళీ. గోడ పక్కన కుర్చీల వరసలో ఒక కుర్చీ లేదు. చెప్పుల స్టాండులో ఒక అర ఖాళీ. మాట్లాడుతున్నంతసేపూ ఆయన చూపు ఒక ఖాళీ నించి ఇంకో ఖాళీకి ఉరుకుతోంది, అన్నీ భద్రంగా ఉన్నాయో లేవో చూసుకుంటున్నట్టు.

తూటా మంచినీళ్లు గటగటా తాగి బయటికొచ్చి, షాపు దాకా ఒకటే పరుగు.

"అమ్మమ్మా! ఆ ప్రెసిడెంటు మన దగ్గర ఇటుకలాట ఆడాడు కదా!"

అమ్మమ్మ బ్రష్షు ఆపలేదు. "ఎవరేం ఆడారో నా నోట రాదు."

"అవునా కాదా చెప్పు చాలు!"

"నలభయ్యేళ్లుగా ఈ షాపు నడుస్తోందంటే మిషన్ల వల్ల కాదే. వచ్చినవాళ్ల గుట్టు నా దగ్గరే ఉంటుంది కాబట్టి. నువ్వు కూడా బయట వాగావో, నీ నోటికి టేపేస్తా. ఆ కుర్చీలకేసిందే."

"వాగను," అంది తూటా. "ఒట్టు." చెప్పనంది గానీ ఊరుకుంటానని అనలేదు కదా.

గోడ లేస్తూనే ఉంది. మేస్త్రీ పాపం మంచివాడే. వరస తర్వాత వరస, దారం కట్టి, వంకర లేకుండా పేరుస్తున్నాడు. అపార్ట్‌మెంటు వైపు ఒక చివర కింద నించి పై దాకా మనిషి పక్కకి తిరిగి దూరేంత ఖాళీ వదిలాడు. సిమెంటు తట్టలు మొయ్యడానికి దారి కావాలిగా. పనంతా అయ్యాక ఆ ఖాళీలో నిలువుగా ఒక పొడుగాటి సిమెంటు పలక దూర్చేస్తే గోడ మూసుకుపోతుంది. పలక కూడా పోతపోసి పక్కన నిలబెట్టేశాడు.

తూటా ఆ గోడ ముందు నిలబడి ఆ సన్నటి ఖాళీనీ ఆ పొడుగాటి పలకనీ మార్చి మార్చి చూసింది. ఇటుకలాట ఆడిన ఎవణ్ణయినా అడగండి, ఇలాంటి ఖాళీలో పడే నిలువు ముక్క కోసమే కదా ఆటంతా పళ్లు బిగబట్టుకుని కూర్చునేది! అది చూసి తూటా ఈల వేసింది. మేస్త్రీ తిరిగి చూసి, "ఏడవాల్సింది పోయి ఈలేంటే పిల్లా," అన్నాడు.

"గోడ బాగొచ్చింది మామా. ఒక్క ఇటుక కూడా వంకర లేదు. అలాగే కానీ."

పలక పెట్టే రోజు సాయంత్రం అపార్ట్‌మెంటు వాళ్లంతా కిందికొచ్చారు. కుర్చీలేశారు, టీలు పోశారు. ప్రెసిడెంటు ఇస్త్రీ చొక్కాలో వచ్చి నాలుగు మాటలు మాట్లాడాడు. జీవితంలో ఒక్క ఆట ఆడలేదన్న మాట రెండుసార్లొచ్చింది. కుర్చీలకి ఇవతల అమ్మమ్మ చేతులు కట్టుకుని నిలబడింది. పక్కన డ్రైవరు బాబాయ్, ఇస్త్రీ అక్క, ఇంకా షాపు గుంపంతా. ఎవరూ ఏడవట్లేదు. ఏడవకూడదని తూటా ముందే వార్నింగిచ్చింది.

మేస్త్రీ, ఇద్దరు కూలీలు పలకని పైపుల మీద దొర్లించుకుంటూ తెచ్చి ఆ ఖాళీ ముందు నిలబెట్టారు. ఇక ఒక్క తోపు తోస్తే చాలు.

"ఒక్క నిమిషం!" అంది తూటా.

"మళ్లీ ఏంటి?" అన్నాడు ప్రెసిడెంటు.

"ఏం లేదు సార్. గోడ మీరు కట్టించారు. పేరు మీది. మరి చివరి పలక కూలీలు తోస్తే ఏం బావుంటుంది? మీ చేత్తో మీరే తోయండి, చూసి మేం కూడా వెళ్లిపోతాం."

కుర్చీల్లోంచి చప్పట్లు. "కరెక్ట్! సారే తోయాలి!"

ప్రెసిడెంటు చూపు ఒక్కసారిగా గోడలో ఖాళీ మీద పడి, కాలినట్టు వెనక్కొచ్చేసింది. అక్కణ్ణించి అమ్మమ్మ మీదకి, మేస్త్రీ మీదకి, నేల మీదకి. తూటాకి అంతా కనిపిస్తోంది.

"నాకు నడుంనొప్పమ్మా. మేస్త్రీ తోస్తాడులే."

"పైపుల మీదుంది సార్," అన్నాడు మేస్త్రీ అమాయకంగా. "చిటికెనవేలుతో తోసినా పోద్ది."

"నువ్వు ఊరుకోవయ్యా!"

అమ్మమ్మ తూటా జబ్బ పట్టుకుని పక్కకి లాగింది. "ఏమే, ఏం చెప్పాను నీకు నేను?"

"నేనేమన్నా వాగానా? పెద్దమనిషిని గౌరవంగా ముందుకి రమ్మన్నా, అది కూడా తప్పేనా?" గొంతు పెంచింది తూటా. "తోయనంటే మానేయండి సార్. ఎందుకు తోయరో మాత్రం వీళ్లందరికీ చెప్పండి."

ఇప్పుడు కుర్చీల్లో గుసగుసలు మొదలయ్యాయి. "అవును, ఏంటంత ఆలోచన?" "తోసేయండి సార్, టీ చల్లారిపోతోంది." ప్రెసిడెంటుకి ముందు నుయ్యి, వెనక గొయ్యి. తోస్తే ఏమవుతుందో ఆయనకి తెలుసు. తోయకపోతే అందరికీ తెలిసిపోతుంది. ఎప్పుడో చిన్నప్పటి సంగతి, ఈపాటికి పోయుండదా అనుకున్నాడో ఏమో, చొక్కా చేతులు పైకి మడిచాడు. కళ్లు గట్టిగా మూసుకున్నాడు. రెండు చేతులూ పలక మీద పెట్టి తోశాడు.

టక్.

ఎంత సరిగ్గా కూర్చుందంటే, గుండుసూది దూరే చోటు లేదు. గోడ ఒకసారి మిలమిలమంది. ఇంకోసారి మిలమిలమంది. కింద వరస నించి పై వరస దాకా మొత్తం ఒకేసారి పోయింది. మేస్త్రీ కట్టిన దారం మాత్రం గాల్లోంచి నేల మీదకి జారింది.

షాపు పిల్లలు అలవాటు కొద్దీ "హేయ్!" అని అరిచేశారు. మరి ఒకే దెబ్బకి అన్ని వరసలు!

గోడ పోయినందుకు ఎవరూ ఆశ్చర్యపోలేదు. టీ కప్పుతో ముందువరసలో కూర్చున్న ఆయన తీరిగ్గా, "ఓహో, ఇటుకలాటా," అన్నాడు. "మరి ఒక్కటీ ఆడలేదన్నారు?"

ప్రెసిడెంటు తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు.

"అదన్నమాట!" అంది ఆయన భార్య కుర్చీలోంచి. "పెళ్లైనప్పట్నించీ కంచాల స్టాండులో ఒక కంచం తక్కువ పెట్టమని నన్ను చంపుకుతిన్నారు. శుభ్రం కోసమన్నారు! గాలి ఆడాలన్నారు!"

"నువ్వుండవే."

"ఇన్నేళ్లూ ఉన్నాగా!"

అమ్మమ్మ ముందుకొచ్చింది. గుట్టు ఆయనే విప్పుకున్నాడు కాబట్టి ఇక అడ్డు లేదు. "స్కూలు ఎగ్గొట్టి వచ్చేవాడివి," అంది మెల్లిగా. "నిలువు ముక్క కోసం అన్నం కూడా తినకుండా కూర్చునేవాడివి. అడిగానా లేదా, ఉండిపోద్ది, పర్లేదా అని? ఉండిపోతేనే బావుంటుంది మామ్మా అన్నావు. నువ్వేం పాడైపోయావు బాబూ? గోడ కట్టేదాకా బానే ఉన్నావుగా."

ఆయన తన చేతుల వంక చూసుకున్నాడు. మూతి చివర ఏదో కదిలింది, నవ్వు లాంటిది. గెలిచినవాడి నవ్వు. వెంటనే మింగేశాడు. చుట్టూ జనం ఉన్నారు, పరువుంది, పదవుంది.

"మళ్లీ కట్టిస్తాను," అన్నాడు.

తూటా గోడ ఉన్న చోటికెళ్లి, సరిగ్గా మధ్యలో, బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

"కట్టించండి సార్. నేను లేవను. నా చుట్టూ కట్టండి, నా నెత్తి మీద కట్టండి. కానీ ఇటుక పెట్టేముందు ఒక్క మాట. ఈ బిల్డింగులో ఏ ఆటా ఆడనివాళ్లు ఎవరున్నారో చెయ్యెత్తండి. వాళ్లు చెప్తే పిల్లలు పాడైపోయారని నేను ఒప్పుకుంటా. వాళ్లే పెట్టొచ్చు ఆఖరి పలక."

కుర్చీల్లో ఒక్క చెయ్యి లేవలేదు. ముందువరసాయన టీ కప్పులోకి చూశాడు. అపార్ట్‌మెంటు సెక్రెటరీ ఎందుకో చేతులు జేబుల్లో దూర్చాడు. తూటాకి అన్ని చూపులూ కనిపిస్తున్నాయి. ఒక్కటి కూడా నిటారుగా లేదు, అన్నీ నేల మీదే పాకుతున్నాయి. మేస్త్రీ దారం ఉండ చుట్టుకుని, "అయితే నేను పోతున్నా," అని పనిముట్లు సర్దుకున్నాడు. ఇవతల ఇస్త్రీ అక్క నిలబడ్డ చోట ఆకుకూర మొలిచింది, ఎవరో వంగి కోసుకున్నారు.

అమ్మమ్మ ఫోన్ తీసి మామయ్యకి కలిపింది. "ఒరే, ఆ గదిలో మీ మంచం మళ్లీ వేసుకోండి. మేం రావట్లేదు." అటునించి ఏదో అంటుండగానే పెట్టేసింది.

అప్పుడు కుర్చీల్లో ఒక చెయ్యి లేచింది.

ప్రెసిడెంటు భార్యది. అందరూ తిరిగి చూశారు. ప్రెసిడెంటు మొహం వెలిగింది. "అదిగో!" అన్నాడు.

"నేను నిజంగానే ఆడలేదు," అందావిడ. లేచి, చీర కుచ్చిళ్లు సర్దుకుంది. భర్త పక్కనించే నడిచొచ్చి తూటా ముందు ఆగింది. "కాస్త జరుగమ్మా."

తూటా జరిగింది.

ఆవిడ సందులోకి నడిచింది, షాపు వైపు. వెనక నించి భర్త పిలుస్తూనే ఉన్నాడు. ఆవిడ చూపు మాత్రం సన్నగా, సూటిగా ముందుకే ఉంది.

"పిన్నిగారూ," అంది అమ్మమ్మతో, "ఎగిరే ఆట ఏదైనా ఉందా?"