గాలి పోని పంచర్

నేను ఒక హెల్మెట్‌ని. బండి నడిపేవాళ్ల తల మీద దర్జాగా కూర్చునే రకం కాదు. వెనక ఎక్కేవాళ్ల కోసం స్కూటీ ముందు కొక్కేనికి వేలాడే రెండో హెల్మెట్‌ని. వ్యాపారం మొదలుపెట్టేటప్పుడు నా దగ్గరున్న సరుకు కొంచెమే. ఒక నల్లటి చిప్ప, దాని లోపల థర్మోకోల్, థర్మోకోల్ మీద స్పాంజి గుడ్డ, ముందు ఓ అద్దం, గడ్డం కింద బిగించే పట్టీ, వెనక ఓ స్టిక్కర్. ఆ స్టిక్కర్ అసలుదో నకిలీదో అమ్మినవాడు చెప్పలేదు, కొన్నవాళ్లు అడగలేదు. అలా ఇద్దరికీ నష్టం లేని ఒప్పందంతో నా బతుకు మొదలైంది.

నేను బేరసారాలు నేర్చుకున్నది రామంతాపూర్ ఫుట్‌పాత్ మీద, గౌస్ భాయ్ దగ్గర. కర్రకు కట్టిన తాడు మీద నన్ను వేలాడదీసి, వచ్చేపోయేవాళ్లను చదవడం ఆయన నేర్పాడు. తలకు పెట్టుకుని అద్దంలో చూసుకునేవాడు కొనడు. పట్టీ పట్టుకుని గట్టిగా లాగి చూసేవాడు కొంటాడు. ఆయన అలవాటు ఇంకొకటి కూడా నాకు అంటింది. సాయంత్రం అమ్మినవీ మిగిలినవీ కలిపితే పొద్దున తెచ్చినవాటికి సరిపోకపోతే, ఆయన ఆ రెండు కుప్పలను మళ్లీ మళ్లీ లెక్కపెట్టేవాడు కాదు. మూడో చోట వెతికేవాడు. బండి కిందో, టీ కొట్టు బల్ల మీదో ఆ తప్పిపోయిన హెల్మెట్ దొరికేది.

నా పట్టీ లాగి చూసిన మనిషి పేరు స్వరూప. అప్పుడే బైక్ ట్యాక్సీ యాప్‌లో చేరింది. అంతకు ముందు చర్లపల్లిలో ఒక గోదాములో డబ్బాలకు టేపులు అంటించేది. ఆ పని పోయాక, "నాకు వచ్చింది బండి నడపుడు ఒక్కటే, దాంతోనే బతుకుత" అని మొగుణ్ని ఒప్పించి స్కూటీ తీసింది. మొగుడు మహేందర్ ఇళ్లకు రంగులు వేస్తాడు. మంచివాడే. కాకపోతే భార్య బండి వెనక పరాయి మగవాళ్లు ఎక్కుతారన్న మాట మింగడానికి చాలా రోజులు పట్టింది. "ఏమన్న తేడా వచ్చిందనుకో, బండి అమ్మేస్త" అని షరతు పెట్టాడు. ఆ షరతును నేను అప్పట్లో పట్టించుకోలేదు. నా ధ్యాసంతా గిరాకీ మీద ఉండేది.

గిరాకీకి లోటు లేదు. గడియకో కొత్త తల. నూనె తలలు, బట్టతలలు, ఇంటర్వ్యూకు పోతూ జుట్టు చెదురుతుందని నన్ను మోకాలి మీద పెట్టుకునే తలలు. అందరి చెమటా పీల్చుకుని అందరి మాటా వినడం నా పని. ఒక్క సంగతి మాత్రం అర్థమయ్యేది కాదు. స్వరూప వీపు మీద ఎప్పుడూ ఒక లావు బ్యాగు ఉండేది. ఆడ కస్టమర్ ఎక్కితే దాన్ని తీసి ముందు కాళ్ల దగ్గర పెట్టేది. మగ కస్టమర్ ఎక్కితే వీపుకే తగిలించుకునేది. అందులో ఏ విలువైన సరుకుందో అని చాలా రోజులు మథనపడ్డాను. ఒకరోజు జిప్పు ఊడింది. లోపల పాత దుప్పటి తప్ప ఏమీ లేదు.

నా అయోమయం అక్కడ మొదలైంది. మొదటి పంచర్‌తో అది ముదిరింది.

ఉప్పల్‌లో ఒకాయన ఎక్కాడు. నన్ను పెట్టుకున్నాడు కాబట్టి పెద్దమనిషే అనుకున్నాను. హబ్సిగూడ దాటకముందే మాటలు మొదలుపెట్టాడు.

"మీ ఆయన పంపిస్తడా నిన్ను ఇట్ల?"

"దారి చెప్పండన్నా, సీదానా, రైటా?"

"దారి నాకెందుకు, నువ్వు తిప్పినంతసేపు తిరుగుత."

తర్వాత ఆయన చెయ్యి సీటు వెనక పట్టుకునే రాడ్‌ని వదిలిపెట్టింది. దుప్పటి బ్యాగు చుట్టూ దారి వెతుక్కుంటూ ముందుకు పోయింది. "అన్నా, రాడ్ పట్టుకోండి" అని స్వరూప రెండుసార్లు చెప్పింది. మూడోసారి చెప్పలేదు. బండిని పక్కకు తీసి ఆపింది.

"పంచర్ అయిందన్నా. వేరే బండి చూస్కోండి."

"మంచిగనే పోతుంది గద?"

"నడిపేటోళ్లకు తెలుస్తది. హ్యాండిల్ గుంజుతుంది. దిగండి."

ఆయన గొణుక్కుంటూ దిగాడు. స్వరూప నన్ను తీసుకుని తడిగుడ్డతో లోపలంతా తుడిచింది. ఒకసారి కాదు, గుడ్డ నల్లబడే దాకా. కాసేపు ఫుట్‌పాత్ అంచున కూర్చుంది. తర్వాత బండి స్టార్ట్ చేసి వెళ్లిపోయింది.

నాకు తల తిరిగింది. టైరులో గాలి పోయిన చప్పుడు నేను వినలేదు. పంచర్ వేసినవాణ్ని చూడలేదు. మరి పంచర్ ఎలా అయింది, ఎలా పోయింది? కాసేపు కూర్చుంటే మనుషులకు ఆయాసం తగ్గినట్టు టైర్లకు కూడా తగ్గుతుందేమో అనుకున్నాను.

ఇలాంటి పంచర్లు ఇంకా వచ్చాయి. అలాంటి రోజున ఇంటికి పోతే ఆమె మొహం చూసి మహేందర్ అడిగేవాడు, ఆమె పంచర్ అని చెప్పేది. "మళ్లనా? రోడ్ల మీద మేకులు చల్లుతున్నరా ఏంది?" అని ఒక ఆదివారం స్కూటీ తీసుకుపోయి, వెనక టైరు మార్పించి కొత్తది వేయించాడు. పాతదాన్ని షాపులోనే వదిలేసి గొప్పగా ఇంటికొచ్చాడు. వారం తిరగకుండా మళ్లీ పంచర్. మహేందర్ షాపుకు పోయి గొడవ పెట్టుకున్నాడు. షాపాయన టైరు ఊడదీసి నీళ్ల తొట్టిలో ముంచి గుండ్రంగా తిప్పాడు. ఒక్క బుడగ రాలేదు. ఇద్దరూ ఆ నీళ్ల వంక చూస్తూ నిలబడ్డారు. వాళ్లకంటే అయోమయంగా కొక్కేనికి వేలాడుతూ నేను.

విషయం ఉప్పల్ మెట్రో పిల్లర్ కింద టీ కొట్టు దగ్గర తేలింది. ఆడ రైడర్లు ఎండ వేళ అక్కడ ఆగేవాళ్లు. అందరికంటే పాతామె శంషాద్, ఆ రోజు కొత్తగా చేరిన ఒకమ్మాయికి పని నేర్పుతోంది.

"రైడ్ మధ్యల ఆపాల్నంటే యాప్‌ల కారణం అడుగుతది. నాలుగు బటన్లుంటయి. మూడు మర్చిపో బిడ్డా. బండి పంచర్, అదొక్కటి యాదుంచుకో."

"కస్టమర్‌తోని ఇబ్బంది అని గూడ ఉంది గదక్కా?"

"ఉంది. నేను ఒత్తిన ఒకసారి. ఆఫీసుల నుంచి ఒక పోరడు ఫోన్ చేసి, చెయ్యి ఎక్కడ పెట్టిండు, ఎంతసేపు పెట్టిండు అని అడిగిండు. ఎంక్వైరీ అయ్యేదాక నా ఐడీ బంద్. చెయ్యి పెట్టినోడు మాత్రం ఇంకో బండెక్కి పోయిండు."

"ఇంట్ల చెప్పరాదూ?"

స్వరూప టీ గ్లాసు కింద పెట్టింది. "ఇంట్ల చెప్తే బండి మూలకు వడ్తది. ఆఫీసుల చెప్తే మనం మూలకు వడ్తం. టైరు ఏమన్నా అనుకుంటదా? దాని మీదికి తోసెయ్యి."

అప్పుడు నాకు గౌస్ భాయ్ గుర్తొచ్చాడు. రెండు కుప్పలూ కలవకపోతే మూడో చోట వెతకాలి. ఈ పంచర్ టైరుకు అయ్యేది కాదు, వెనక సీటుకు అయ్యేది. తెలివి వచ్చిందని సంతోషించాను. అది కూడా తొందరపాటే.

కంపెనీకి కూడా ఒక అయోమయం ఉంది. ఆడవాళ్లు ఉత్సాహంగా చేరుతున్నారు, నెలలు గడవకముందే మానేస్తున్నారు. ఎందుకో కనుక్కోమని హిమజ అనే ఒక చదువుకున్న అమ్మాయిని పెట్టారు. రైడర్ల కష్టసుఖాలు అడిగి తెలుసుకోవడమే ఆమె ఉద్యోగం. ఆడ రైడర్లను ఒకరోజు పిలిపించింది. మాదాపూర్ ఆఫీసులో అద్దాల గది, చల్లటి గాలి, సమోసాలు, గోడకు అంటించే రంగు చీటీలు. బండి మీద వదిలితే ఎవరైనా ఎత్తుకుపోతారని స్వరూప నన్ను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. గది చివర ఒక ఆఫీసరు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఈ పనిలో మీకు అన్నిటికంటే కష్టమనిపించేది ఏదండీ?" అని హిమజ మెత్తగా అడిగింది.

ఆడవాళ్లు ఒకరినొకరు చూసుకున్నారు. "పంచర్లు మేడం" అంది ఒకామె. "అవు, పంచర్లే" అంది ఇంకొకామె. "మా నసీబే ట్యూబ్‌లెస్ కాదు మేడం" అంది శంషాద్, అందరూ నవ్వారు. హిమజ ప్రతి చీటీ మీదా పంచర్ అని రాసి అంటించింది. గోడంతా పసుపుపచ్చగా అయింది. ఆఫీసరు ముఖం వికసించింది. టైర్లతో తీరిపోయే సమస్య ఏ ఆఫీసరుకైనా ఇష్టమే.

నిజం చెప్పమని పిలిచారు, వాళ్లు వచ్చారు, సమోసాలు తిన్నారు, అబద్ధం చెప్పి వెళ్లారు. లాభం ఎవరికి? అప్పుడు నాకు తెలియలేదు.

నష్టం ఎవరికో మాత్రం త్వరలోనే తెలిసింది. పంచర్లు మరీ ఎక్కువైన బండ్లను ఆఫీసుకు తెచ్చి చూపించాలని, అప్పటిదాకా ఐడీ ఆపేస్తామని యాప్‌లో కబురొచ్చింది. ఆ వరసలో స్వరూప బండి ముందుంది. మెకానిక్ టైర్లు తిప్పి తిప్పి చూశాడు.

"దీనికి పుట్టినకాంచి పంచర్ వడలే సార్."

ఆఫీసరు స్వరూప వైపు తిరిగాడు. "అయితే రైడ్లు మధ్యలో ఎందుకు ఆపావమ్మా? కంపెనీకి అబద్ధం చెప్పినట్టే కదా. రేపు సాయంత్రంలోగా సరైన కారణం చెప్పు. లేకపోతే ఐడీ తీసేస్తాం, మళ్లీ రాదు."

స్వరూప నా పట్టీ పట్టుకుని నిలబడింది. కారణం చెబితే ఇంట్లో బండి పోతుంది. చెప్పకపోతే ఇక్కడ పని పోతుంది. ఎటు నుంచి చూసినా ఆమె చేతికి మిగిలేది ఏమీ లేదు. పక్కనే ఉన్న హిమజ ఆ టైరును, ఆ మొహాన్ని మార్చి మార్చి చూసింది.

"మీరు ఉప్పలే కదా వెళ్లేది? నన్ను తార్నాకలో దింపుతారా?"

"ఐడీ బంద్ ఉంది మేడం. బుకింగ్ కాదు."

"బుకింగ్ వద్దు. దారే కదా."

స్వరూప బ్యాగు తీసి కాళ్ల దగ్గర పెట్టింది. హిమజ నన్ను తలకు పెట్టుకుని పట్టీ సరిగ్గా బిగించింది. బండి బేగంపేట దాటింది.

"ఆ రోజు నేను ప్రశ్న తప్పుగా అడిగానా?" అంది హిమజ.

"ప్రశ్న మంచిదే మేడం. ఆ అద్దాల గదే మంచిగ లేకుండె. మొకాలు చూస్కుంట, సమోసాలు తినుకుంట అవన్నీ ఎట్ల చెప్తరు?"

బండి మీద సంగతి వేరు. ఇద్దరి చూపూ రోడ్డు మీదే ఉంటుంది, సిగ్గుపడాల్సిన మొహం ఎదురుగా ఉండదు. స్వరూప చెప్పడం మొదలుపెట్టింది. రాడ్ వదిలిన చేతుల గురించి, దిగిపోయాక కూడా నంబరు దాచుకుని ఫోన్లు చేసేవాళ్ల గురించి, వద్దంటే ఒక్క స్టారు ఇచ్చి కక్ష తీర్చుకునేవాళ్ల గురించి. "నేను పంచర్ అని ఒత్తిన ప్రతిచోట ఒక మనిషి ఉన్నడు మేడం." నా లోపల హిమజ తల కదలకుండా ఉండిపోయింది.

"నేను రాస్తాను. మీ పేరు మాత్రం రాయను, భయపడకండి."

"నా పేరు రాయకుంటే నా ఐడీ ఎట్లొస్తది?"

మెట్టుగూడ సిగ్నల్ దగ్గర ఎర్ర లైటు పడింది. అది పచ్చబడేలోగా స్వరూపే తేల్చేసింది. "రాయి మేడం, నా పేరు. ఇంటికి ఫోన్ చెయ్యొద్దని గూడ పక్కన రాయి."

హిమజ మాట నిలబెట్టుకుంది. మానేసినవాళ్లను వెతికి ఒక్కొక్కరి బండి వెనకా ఎక్కి కూర్చుంది, బండి అమ్మేసినవాళ్లతో గుమ్మం మెట్ల మీద పక్కపక్కన కూర్చుంది. చాలామంది మానేసే ముందు మధ్యలో ఆపిన ఆఖరి రైడ్‌కు యాప్‌లో ఒత్తిన కారణం పంచరే. టైర్లకు ఆర్డరు పెట్టేసిన ఆఫీసరు ఏమనుకున్నాడో నాకు తెలియదు. స్వరూప ఐడీ తిరిగొచ్చింది. ఇకపై కారణం చెప్పకుండానే రైడ్ ఆపేయొచ్చు, ఆ కస్టమర్ మళ్లీ అదే రైడర్‌కు తగలడు అన్నారు. గౌరవంగా ప్రయాణించండి అని ఒక స్టిక్కర్ కూడా పంపారు. అది నా నుదుటి మీద అంటించారు. చదవాల్సినవాడు నన్ను నెత్తిన పెట్టుకుంటే అది అతనికి ఎలా కనిపిస్తుందో ఎవరూ ఆలోచించలేదు.

ఫోన్ చెయ్యొద్దన్న మాట మాత్రం ఎక్కడో జారిపోయింది. కంపెనీలో ధైర్యం చెప్పే విభాగం ఒకటి ఉందట. వాళ్లు మర్యాదగా, స్వరూప ఇచ్చిన రెండో నంబరుకు ఫోన్ చేశారు. అది మహేందర్‌ది.

"స్వరూప గారికి జరిగినదానికి చింతిస్తున్నామండీ."

"ఏం జరిగింది?" అన్నాడు మహేందర్. అవతల గొంతు తడబడి లైను కట్ అయింది.

అతను పని మధ్యలో వదిలేసి ఇంటికొచ్చాడు. గుమ్మంలోనే అడిగాడు. స్వరూప తాళం తీసుకుంది. "బండెక్కు. చెప్త."

ఆ రోజు మొదటిసారి మహేందర్ తల నాలోకి వచ్చింది. గోడలు గీకిన తెల్లటి పొడి, ఆరని రంగు వాసన. నాగోల్ వంతెన దాకా స్వరూప మాట్లాడుతూనే ఉంది, చూపు రోడ్డు మీదే. అతని దవడలు బిగుసుకోవడం నా స్పాంజికి తెలుస్తోంది.

"ఎవడు వాడు?"

"ఒక్కడైతే చెప్పకపోదునా? ఎందర్ని కొడ్తవ్?"

బండి తిరిగి ఇంటికొచ్చింది. మూల అంటే ఏ మూలో, అక్కడ నన్ను ఎక్కడ వేలాడదీస్తారో అని నేను ఆలోచించుకుంటున్నాను. మహేందర్ దిగాడు. నన్ను విప్పి ఆమె చేతికిచ్చాడు. వంగి వెనక టైరును బొటనవేలితో నొక్కి చూశాడు.

"పాత టైరు మంచిగనే ఉండె గద?"

"ఉండె."

"షాపాయన ఉంచిండో లేదో. రేపు పోయి అడుగుత. ఆయనతోని ఉత్తగనే లొల్లి పెట్టుకున్న."

అంతే అన్నాడు. అది సరే అన్నట్టో కాదన్నట్టో నాకు ఆ రోజు తెలియలేదు. మర్నాడు పాత టైరు ఇంటికొచ్చింది. బండి అమ్మకానికి పోలేదు.

ఆ తర్వాత కొన్నాళ్లకు నా ముందు అద్దం పగిలింది. కొత్త హెల్మెట్ ఇచ్చి హిమజ నన్ను తీసుకుపోయింది. ఇప్పుడు మాదాపూర్ ఆఫీసులో గాజు బీరువాలో ఉన్నాను. కింద ఒక చీటీ, ధైర్యానికి ప్రతీక అని. కొత్తగా చేరిన ఉద్యోగులు నాతో ఫోటోలు దిగి, చేతులు తుడుచుకుని పోతారు. హిమజ మాత్రం అప్పుడప్పుడు నా ముందు ఆగుతుంది. ఎవరి బండైనా ఎక్కబోతున్న రోజు అనుకుంటాను.

తీరిక దొరికింది కాబట్టి లెక్క చూసుకుంటున్నాను. పోయింది ఒక అద్దం, స్పాంజి మెత్తదనం. ఒకచోట మాత్రం ఇప్పటికీ లెక్క కుదరదు. టైరును పరీక్షించారు, బండిని పరీక్షించారు, స్వరూపను పరీక్షించారు, నా నుదుటి మీద స్టిక్కర్ అంటించారు. రాడ్ వదిలిన ఆ చేతిని మాత్రం ఎవరూ పిలిచి అడగలేదు. మూడో చోట వెతకాలని నాకు తెలుసు. ఆ మూడో చోటికి నడిచే కాళ్లు నాకు లేవు, ఉన్నవాళ్లు ఎందుకు పోరో తెలియదు.

ఇక వచ్చింది ఏమిటంటే, నా లోపలి గుడ్డకు అంటుకుని ఎంత తుడిచినా పోని ఒక తెల్లరంగు మరక. ఉప్పల్ రోడ్డు మీద ఇంకా తిరుగుతున్న ఒక స్కూటీ. దాని వెనక టైరులో నిండా గాలి.

దాన్నే లాభం కింద వేసుకున్నాను.