చూరు పైకి పెట్టిన ఈకల వస్త్రం

నేను ఒక ఈకల వస్త్రాన్ని. పుట్టిల్లు పెరూ దేశం. వెయ్యేళ్ల కిందట ఒక మహారాజు భుజాల మీద ఊరేగాను. నన్ను చూస్తూ జనం రాజుకి దణ్ణం పెట్టడమే మరిచిపోయారు.

సరే, ఊరేగలేదు. నన్నెవరూ ఒంటిమీద వేసుకోనేలేదు. ఎవరో మహాతల్లి నీలం, పసుపు చిలుక ఈకలను ఒక్కొక్కటీ దారానికి ముడివేసి, ఆ దారాలను ఒక బొమ్మ వచ్చేలా నూలుగుడ్డ మీద వరసలుగా కుట్టింది. ఆ ముచ్చట తీరకుండానే నన్ను చుట్టచుట్టి కుండలో పెట్టి పూడ్చేశారు. వెయ్యేళ్లు ఆవకాయలా ఊరాను. రంగు నిలిచింది అందుకే.

తవ్వినవాళ్ల చేతుల్లోంచి నాలుగైదు చేతులు మారి, ఓడ కెప్టెన్ భానోజీరావుగారి పాలబడ్డాను. ఆయనకి పాత గుడ్డలంటే పిచ్చి. భీమిలి తెచ్చి, హాల్లో గోడకి వేలాడదీసి, నా మీది బొమ్మని నాలుగు కొమ్ముల దేవుడని తేల్చారు. ముప్పై ఏళ్లపాటు ఇంటికొచ్చిన ప్రతివాడిచేతా మొక్కించారు. చివరికి పట్నం మ్యూజియానికి నన్ను ఇవ్వబోతూ, ఆ దేవుడి మీద నలభై పేజీల ఉపన్యాసం రాసుకున్నారు. మర్నాడే సభ. పండితులు తనని పండితుడనాలని ఆయనకి ముప్పై ఏళ్ల కోరిక.

ఆ పొద్దున పెరట్లో తాటాకు పాక కప్పడానికొచ్చిన పైడయ్య, మంచినీళ్లకని హాల్లోకి తొంగిచూసి ఆగిపోయాడు.

"ఏటి బాబూ, సూరు పైకెట్టి ఏలాడదీసినారు?"

"చూరేమిటి పైడయ్యా?"

"పాకకి సూరు కాడ కింద వరస ముందేసి, దాని కుట్టు మీద పై వరస కప్పుతాం గదా. ఇక్కడ కుట్లన్నీ బయటికే అగుపడతన్నాయి. ఇలాగ కప్పితే నా పాకలో కప్పలు ఈతకొడతాయి."

"ఇది వెయ్యేళ్ల నాటి వస్తువయ్యా. నీ తాటాకు కాదు."

"ఎయ్యేళ్లనాడు మాత్రం వాన కిందనుంచి పైకి కురిసిందా బాబూ?"

కెప్టెన్‌గారు దగ్గరికొచ్చి నా కుట్లని వేలితో తడిమి చూశారు. తర్వాత తనే స్టూలెక్కి నన్ను తిప్పి కట్టారు. ఈకలు హాయిగా కిందికి వాలాయి. కొమ్ములు కాళ్లయ్యాయి. దేవుడు కాస్తా పిల్లి అయ్యాడు.

"ముప్పై ఏళ్లూ పిల్లికా మొక్కించారు?" అన్నారు ఆయన భార్య కాంతామణమ్మ. "పోనీలెండి, పాలైనా అడగలేదు."

సభలో ఆయన కాగితాలు బయటికి తీయలేదు. "నేను తలకిందులుగా చూశాను. సరిగ్గా చూసింది మా పైడయ్య" అని రెండే ముక్కలు చెప్పి కూర్చున్నారు. పండితులు చప్పట్లు కొట్టాలో వద్దో తెలియక ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

ఇప్పుడు అద్దం వెనక ఉన్నాను. పక్కన కార్డు మీద ఇచ్చినవారి పేరు భానోజీరావు, నిలబెట్టినవారి పేరు పైడయ్య. అనుమానముంటే వచ్చి చూసుకోండి.

వస్తే మాత్రం నన్ను తిట్టకండి. కార్డు మీద పైడయ్య పేరు లేదు. ఆ ఒక్క ముక్కా నేను అల్లింది. వేయమని కెప్టెన్‌గారు మూడుసార్లు అడిగారు. కార్డులో చోటు చాలదన్నారట మ్యూజియంవాళ్లు.