కొత్త మోడల్ వచ్చేదాకా

ఐనవిల్లి హైస్కూల్లో సైన్సు మేష్టారు జోజి గిటారు వాయించేవాడు. అతని అక్క సుగుణ పాడేది. ఆమె అమలాపురంలో ఎలిమెంటరీ స్కూలు టీచరు. అమలాపురం మొదలు రాజోలు దాకా ఎక్కడ క్రైస్తవ కూడికలు పెట్టినా, "ఆ అక్కాతమ్ముళ్ళని పిలిచేరా అండీ?" అని జనం ముందుగానే వాకబు చేసేవారు. తబలా లేదు, హార్మోనియం లేదు. ఒక గిటారు, ఒక గొంతు, అంతే. కొబ్బరితోటలో వేసిన పందిట్లో సుగుణ పాట ఎత్తుకుందంటే, వెనక కూర్చుని వేరుశనక్కాయలు ఒలుచుకునేవాళ్ళ చేతులు కూడా ఆగిపోయేవి.

ఎనభై ఆరు వేసవిలో నగరం అనే ఊళ్ళో కూడికలప్పుడు ఆ గొంతు అలిసిపోవడం జోజికి మొదటిసారి తెలిసింది. పై స్థాయి అందుకుంటోంది కానీ అక్కడ నిలవలేకపోతోంది. రెండో చరణానికి చిన్నగా దగ్గి, చరణాన్ని కింది స్థాయిలో ముగించేసింది. జనం పట్టించుకోలేదు. జోజి వేళ్ళు మాత్రం తీగల మీద తడబడ్డాయి. ఆమెకి మెడ మీద చిన్న వాపు చాలా ఏళ్ళుగా ఉంది. కంగారేమీ లేదు, మందులు వాడుతూ చూద్దామని డాక్టరు చెప్పాడు. చూస్తూనే ఉన్నారు.

సుగుణ భర్త సాలమోను మద్రాసుకీ సింగపూరుకీ మధ్య తిరిగే సరుకుల ఓడలో ఇంజను పని చేసేవాడు. రెండు నెలలకో, నాలుగు నెలలకో ఇంటికొచ్చి, పది రోజులుండి వెళ్ళేవాడు. ఆ జూన్లో వచ్చినప్పుడు జోజిని భోజనానికి పిలిచి, పులస ఇంకా రాలేదని నొచ్చుకుంటూ రొయ్యల కూర వడ్డించి, అసలు సంగతి ఎత్తాడు.

"నువ్వడిగిన ఎకో పెట్టె చూసేను బావా. డిజిటల్‌ట. అరచేతిలో పట్టేంత ఉంది. గిటారు దీంట్లో పెట్టి అక్కణ్ణించి మైకుసెట్టుకి కలిపితే, వాయించింది వాయించినట్టు వెనకాలే మళ్ళీ వినిపిస్తది. మైకు పెట్టినా అంతేట. సన్నటి గొంతు కూడా పెద్ద చర్చిలో పాడినట్టు ఉంటదన్నాడు కొట్టువాడు."

"మరి తేలేదే అండీ?"

"అక్కడే వచ్చింది చిక్కు. ఇంకో రెండు మూడు నెలలాగితే కొత్త మోడల్ వస్తదన్నాడు. దాంట్లో పాటలో ఒక వరస వాయిస్తే ఆ వరసంతా పట్టుకుని తిప్పి తిప్పి వినిపిస్తానే ఉంటదిట. దాని మీద నువ్వు ఇంకోటి వాయించుకోవచ్చు. రెండిట్లో ఏది కావాలో నువ్వే చెప్పు. ఇప్పుడున్నదైతే ఆగస్టుకి తెచ్చేస్తాను. కొత్తదైతే క్రిస్మస్‌కే."

జోజికి కూర రుచి తెలియలేదు. ఒక్కడే రెండు గిటార్లు వాయించినట్టు! ఎన్నేళ్ళుగానో అతను పడే బాధ అదే. కింద తాళం పట్టాలంటే పైన స్వరం వదులుకోవాలి, స్వరం వాయిస్తే తాళం ఆగిపోవాలి. ఆ పెట్టె ఉంటే అక్క పాటకి ఎంత నిండుదనం వస్తుంది!

మజ్జిగ పోస్తూ సుగుణ అంది: "ఉన్నదే తెమ్మనరా. కొత్త మోడల్ వచ్చేదాకా నా గొంతు ఆగొద్దా?"

నవ్వుతూనే అంది. అందరూ నవ్వారు.

ఆ వారమంతా జోజి ఊగిసలాడాడు. పాఠం చెబుతూ మధ్యలో ఆగిపోయేవాడు. ఉన్నది తెప్పించుకుంటే, నాలుగు నెలలు తిరక్కుండా అది పాతదైపోతుంది. మళ్ళీ ఇంకోటి కొనే తాహతు లేదు. ఆగితే, ఆగస్టు నుంచి క్రిస్మస్ దాకా జరిగే కూడికలు ఎప్పటిలాగే గడిచిపోతాయి. ఇన్నాళ్ళూ గడవలేదా? భార్య ఇందిరని అడిగితే, "మీకేది కావాలో మీకు తెలిసిపోయిందండి. నా చేత అనిపించుకోవాలని చూస్తన్నారు," అంది.

సాలమోను మద్రాసు వెళ్ళే రోజున జోజి బస్టాండుకి వెళ్ళాడు. బస్సు కదులుతూండగా కిటికీ పట్టుకుని, "కొత్తదే తెండి బావగారూ," అన్నాడు.

"ఆయ్, అలాగే!"

ఆగస్టులో గోదావరి వచ్చింది. అంతకుముందు ఎన్నడూ ఎరగనట్టు వచ్చింది. లంకలు మునిగాయి. గట్లు తెగాయి. ఐనవిల్లి స్కూల్లో పాఠాలు ఆగిపోయి, గదుల నిండా జనమూ వాళ్ళ మేకలూ చేరాయి. సుగుణ కూడా పులిహోర పొట్లాలు కట్టడానికి వచ్చి, సాయంత్రం ఏడుస్తున్న ఆడవాళ్ళ మధ్య కూర్చుని పాట ఎత్తుకుంది. ఒక చరణం పాడింది. రెండో చరణంలో ఊపిరి అందక గుండె మీద చెయ్యేసుకుంది. జోజి గిటారు పక్కన పెట్టి మంచినీళ్ళు తెచ్చాడు.

"వరదలో తిరిగి తిరిగి జలుబు చేసిందిరా," అంది.

జలుబు కాదు. సెప్టెంబరుకల్లా వెల్లకిలా పడుకుంటే ఊపిరాడని స్థితి వచ్చింది. కోటిపల్లి రేవు దాటించి కాకినాడ తీసుకువెళ్ళారు. పెద్ద డాక్టరు మెడ తడిమి చూసి, ఎక్స్‌రే ఫొటోలు తీయించి, ఆ వాపు లోపలికి పెరిగి ఊపిరిగొట్టాన్ని నొక్కేస్తోందన్నాడు. ఇక ఆగడానికి లేదు, తీసెయ్యాలి.

"మాట పలికించే నరం దాని పక్కనించే వెళ్తుందమ్మా. కాపాడ్డానికి చూస్తాం. అది గడ్డలో కూరుకుపోయి ఉంటే మాత్రం మా చేతుల్లో ఉండదు," అని దాచకుండా చెప్పాడు.

"పాడతానండి నేను," అంది సుగుణ.

డాక్టరు ఆమె వంక చూసి, "ఊపిరుంటేనే కదమ్మా ఏదైనా," అన్నాడు మెల్లిగా.

సాలమోను ఎక్కడో సముద్రం మీదున్నాడు. ఓడ కంపెనీకి టెలిగ్రాం ఇచ్చారు గానీ అది అతనికి చేరేసరికి ఆపరేషను అయిపోయింది; సెలవు క్రిస్మస్‌కి గానీ దొరకలేదు. సంతకం జోజి పెట్టాడు. పెట్టకపోతే ఏమవుతుందో తెలుసు, పెడితే ఏమవుతుందో తెలియదు. బయట బల్ల మీద కూర్చుని ప్రార్థన చేద్దామనుకుంటే, ఏమని అడగాలో తోచలేదు. ప్రాణం అడిగితే గొంతు వదులుకున్నట్టా? రెండూ అడగడానికి నోరు రాలేదు.

ప్రాణం దక్కింది. నరం గడ్డలోనే ఉంది.

నాలుగు రోజులకి సుగుణ మొదటి మాట అంది. గాలిలో సగం కలిసిపోయిన మాట. "ఇందిర భోంచేసిందా?" అని అడిగింది. జోజి ఆమె నోటికి చెవి ఆనిస్తే గానీ అర్థం కాలేదు. కొన్నాళ్ళకి కొంత తేరుకోవచ్చునన్నారు. తేరుకుంది కూడా. నవంబరుకల్లా పక్కనున్నవాళ్ళకి వినపడేంత అయింది. బళ్ళో బెత్తంతో బల్ల మీద కొట్టి పిల్లల్ని పిలుస్తోందనీ, పాఠం బోర్డు మీద రాసి చదివిస్తోందనీ తెలిసింది. పాట ఊసు ఎవరూ ఎత్తలేదు.

క్రిస్మస్‌కి పది రోజుల ముందు సాలమోను వచ్చాడు. పెట్టెలోంచి భార్యకి చీర, మెడకి చుట్టుకునే మెత్తటి శాలువా తీశాడు. చివర్లో, తప్పు చేసినవాడిలాగా, చిన్న అట్టపెట్టె తీసి జోజి చేతిలో పెట్టాడు.

"కొనాలో వద్దో తెలీలేదు బావా. చెప్పేవు కదా అని తెచ్చేశాను."

జోజి దాన్ని విప్పకుండానే చంకలో పెట్టుకుని లేచాడు. సుగుణ చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. ఇక్కడే వాయించమని సైగ చేసింది. చేసేదిలేక గిటారు, స్పీకరు పెట్టె, మైకు తెప్పించి వైర్లు కలిపాడు. ఒక వరస వాయించి కాలితో మీట నొక్కాడు. ఆ వరస మళ్ళీ మొదలైంది. మళ్ళీ. మళ్ళీ. ఎక్కడా జీర లేదు, తరుగు లేదు. దాని మీద జోజి స్వరం అందుకున్నాడు. చెయ్యి తనంతట తానే పరిగెత్తింది. ఇన్నేళ్ళ కోరిక! మొహంలో నవ్వు వచ్చేసింది. తలెత్తితే అక్క చూస్తోంది. ఆ నవ్వు ఎక్కడ దాచుకోవాలో తెలియక వాయించడం ఆపేశాడు.

సుగుణ ముందుకి జరిగి మైకు అందుకుంది.

"వద్దక్కా."

వినలేదు. పాడింది. పాట మొదటి వరస, తెగుతూ, గాలిపోతూ వచ్చింది. వెనకాలే పెట్టె దాన్ని ఉన్నదున్నట్టు మళ్ళీ పలికింది. సాలమోను లేచి దొడ్లోకి వెళ్ళిపోయాడు.

జోజి వంగి మర ఒకటి తిప్పాడు. ఎకో పెరిగింది. ఇంకోటి తిప్పాడు. వాన చప్పుడులాంటిది ఏదో వచ్చింది. "ఇంకోసారి అక్కా, దగ్గరగా పెట్టుకుని," అన్నాడు. పాడింది. స్పీకరు మరలు తిప్పాడు. మైకు మార్చాడు. "ఇంకోసారి."

"ఆపరా తమ్ముడూ," అంది సుగుణ.

ఆపాడు. వైర్లు చుడుతూ చివరికి అడిగేశాడు. "జూన్లో నువ్వన్నట్టు ఉన్నదే తెప్పించుంటే..."

"తెప్పించుంటే ఓ నెల పాడేదాన్ని. ఆ తర్వాత ఇదే కదా. ఆ పెట్టె ఉందని గడ్డ ఆగేదా?" మాటకీ మాటకీ మధ్య ఊపిరి తీసుకుంటూ అంది. అతన్ని ఓదార్చడానికి అంటోందో, నిజంగానే అంటోందో జోజికి తెలియలేదు. ఒక నెల. ఆ నెలకి విలువెంతో ఆమె చెప్పలేదు, అతను అడగలేకపోయాడు.

క్రిస్మస్ ఆరాధనలో సుగుణ పాట నాగమణి పాడింది. నాగమణి నర్సు ట్రైనింగు అవుతున్న పిల్ల. సుగుణే ఆమెని ఇంటికి పిలిపించుకుని, రాగం గొంతుతో చూపలేక, వేలితో గాలిలో ఎత్తూ పల్లం గీసి చూపించి నేర్పింది. జోజి ఆ పెట్టె తేలేదు. పాస్టరుగారు అడిగితే కరెంటు సరిపడదని చెప్పాడు.

నాగమణి బాగానే పాడింది. మూడో చరణం చివర సుగుణ ఒక స్వరాన్ని తాళం దాటి నిలబెట్టేది. జోజి చెయ్యి అలవాటుకొద్దీ అక్కడ ఆగింది. నాగమణి ఆగలేదు, పల్లవిలోకి వెళ్ళిపోయింది. గిటారు వెనకబడింది. పిల్ల బెదిరి అతని వంక చూసింది. అందుకోవాలని జోజికి తెలుసు. వేళ్ళు కదల్లేదు.

ఆడవాళ్ళ వైపు ముందు వరసలో కూర్చున్న సుగుణ చెయ్యెత్తి, నడవమన్నట్టు ఊపింది. ఒకసారి కాదు, అతను తీగలు మీటేదాకా ఊపుతూనే ఉంది.